వీధంతా తెల్లపూలే

బ్యాట్లీ,
6 అక్టోబరు 1974

ఆమోస్ పెదనాన్నకి,

నీ ఉత్తరం చేరింది. నాన్న పోయి ఇంకా నాలుగు నెలలు నిండలేదు. నేనెలా ఉన్నానో, తింటున్నానో లేదో నువ్వు ఒక్క ముక్క అడగలేదు. అడిగిందల్లా చిక్కుడు గింజల డబ్బా. "పెద్దకొడుకుగా మా అమ్మ చిక్కుడు నాకు చెందుతుంది" అని రాశావు. మిల్లులో మేస్త్రీగా ఉన్న రోజుల్లో గోడ మీద నోటీసులు కూడా ఇలాగే రాసేవాడివట. చదివిన ఆడవాళ్ళు ఇంకా చెప్పుకుంటారు.

హనా నానమ్మ చిక్కుడు నీకెంతో నాకూ అంతే. నాన్న ఆస్పత్రిలో చేరేముందు ఏప్రిల్లో కిటికీ గట్ల నిండా ట్రేలు పెట్టి మొక్కలు మొలిపించి వెళ్ళాడు. పెరట్లో కర్రలు పాతి ఆ వరస నాటింది నేను. పొద్దున మిల్లు, సాయంత్రం ఆస్పత్రి, ఇంటికొచ్చాక బకెట్లతో నీళ్ళు. తెల్లపూలు విచ్చేసరికి నాన్న లేడు. కాయలు కోసి, ఏటవాలుగా తరిగి, ఉప్పేసి జాడీల్లో పెట్టింది నేను. గింజకి వదిలిన కాయలు ఎండబెట్టి ఒలిచింది నేను. నువ్వు బ్రిడ్లింగ్టన్‌లో కొత్త ఇంటి వసారాలో కూర్చుని సముద్రం చూస్తున్నావు. నీ దగ్గరున్న విత్తనం ఉప్పుగాలికి పోగొట్టుకుని ఇప్పుడు పెద్దకొడుకునంటున్నావు.

అయినా సగం పంపిస్తున్నాను. ప్రేమతో అనుకునేవు, కాదు. సమ్మెలో నాన్న గేటు బయట నిలబడితే నువ్వు తలొంచుకుని లోపలికి పోయావు. ఆ తర్వాత అన్నదమ్ములు ఎన్నేళ్ళు మాట్లాడుకోలేదో నాకు గుర్తుంది. ఆ ఏళ్ళలో కూడా నాన్న ప్రతి శరత్కాలం కాసిని గింజలు కాగితంలో చుట్టి అప్పట్లో మా వెనకే ఉన్న మీ ఇంటి గోడ మీద పెట్టి వచ్చేవాడు. మర్నాడు నీ గింజలు మా గోడ మీద ఉండేవి. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే. ఆ పొట్లం పెట్టాల్సిన వంతు ఇప్పుడు నాది, అంతే. గోడకి బదులు పోస్టాఫీసు.

పాత గింజలు నాన్న చేసినట్టే ఉడకబెట్టి తినేశాను. డబ్బా కడిగి కొత్తవి పోశాను. అన్నీ పాలలా తెల్లగా ఉన్నాయి. వంక పెట్టడానికి నీకేమీ దొరకదు.

నీ తమ్ముడి కూతురు
మార్లీన్


బ్రిడ్లింగ్టన్,
14 అక్టోబరు 1974

అమ్మాయి మార్లీన్‌కి,

దేవుడు నీకు కాస్త శాంతం ఇవ్వాలని ప్రార్థించి మొదలుపెడుతున్నాను.

గింజలు అందాయి. నాణ్యంగానే ఉన్నాయి. సిగరెట్ కాగితాల పెట్టెలో పంపావు. వాసన గదంతా పట్టింది. ఆడపిల్లవి, ఆ అలవాటు ఎప్పటి నుంచి?

ఇక పని సంగతి విను. తీగలు వేళ్ళతో సహా పీకెయ్. నవంబరు ఐదున వీధుల్లో మంటలు వేస్తారే, ఆ లోపు చిక్కుడు వరస కింద గొయ్యి మళ్ళీ తవ్వాలి. అడుగున వార్తాపత్రికలు, దాని మీద వంటింటి తొక్కలు, ఆ పైన మిల్లు నుంచి ఉన్ని చెత్త మందంగా పరవాలి. మా అమ్మ అలాగే చేసేది, నేను అలాగే చేశాను, మీ నాన్నకి నేర్పింది నేనే. పాత వేళ్ళు వదిలితే నత్తలు గుడ్లు పెడతాయి.

ఇంకో సంగతి. మీ పక్కింటి ఎల్సీ బూత్‌రాయిడ్ నాకు ఉత్తరం రాసింది. మొన్న మే నెలలో వీధిలో ఒక్కరికీ మొక్క ఇవ్వలేదట నువ్వు. మొక్కలు ట్రేలలోనే సాగి వాడిపోతుంటే అందరూ కిటికీలోంచి చూశారట. ఆవిడ వచ్చి అడిగితే తలుపు మొహాన వేశావట. మా అమ్మ రోజుల నుంచి ఆ వీధిలో మన మొక్క వెళ్ళని పెరడు లేదు. అది మన ఇంటి పద్ధతి. మన పరువు. అది తప్పితే ఏమవుతుందో నేను నీకు వేరే చెప్పనక్కర్లేదు.

ఆమోస్ హెప్‌వర్త్


బ్యాట్లీ,
3 నవంబరు 1974

పరువుగల పెదనాన్నకి,

పరువు! ఆ మాట చదివి నేను ఉత్తరాన్ని పొయ్యిలో వెయ్యబోయాను. నీకు జవాబివ్వాలని ఆగాను.

ఆ మే నెల ఏం జరిగిందో ఎల్సీ నీకు సగమే రాసింది. మిగతా సగం నేను రాస్తాను. ఆస్పత్రిలో డాక్టరు "ఇంక ఇంటికి రారు" అని చెప్పిన రోజు. నేను కోటు కూడా విప్పలేదు, ఆవిడ తలుపు దగ్గర ఖాళీ బుట్టతో నిలబడింది.

"మీ నాన్న ఎలా ఉన్నారమ్మా?"

"బాలేదు."

"అయ్యో పాపం. అన్నట్టు, చిక్కుడు మొక్కలు సిద్ధమేనా? ఏటా ఈపాటికి ఇచ్చేసేవారు."

"మా నాన్న ఊపిరి లెక్కపెట్టుకుంటుంటే మీకు చిక్కుళ్ళు కావాలా?"

"అడిగితే తప్పా? నాకు రాకపోయినా ఫరవాలేదులే, బజార్లో కొనుక్కుంటాను!"

"కొనుక్కోండి! ఇన్నేళ్ళూ ఊరికే తిన్నారు, ఇప్పుడు కొనుక్కోండి!"

తలుపేశాను. అవును, గట్టిగానే వేశాను. మిగిలిన మొక్కలు పెంటకుప్పలో పోశాను. ఆ తర్వాత ఇంకెవరూ రాలేదు. అంత్యక్రియలప్పుడు కొందరు కిటికీ తెర కూడా తియ్యలేదు. నాన్న ఏటా ట్రేలు మోసుకుంటూ ఇంటింటికీ తిరిగి పంచింది ఈ జనానికా? మంచివాడు కాబట్టి పంచాడు. నేను మంచిదాన్ని కాదు. రోజంతా మిల్లులో, చీల్చి మళ్ళీ ఉన్ని చెయ్యడానికొచ్చే ఊళ్ళోవాళ్ళ పాత కోట్లకి గుండీలు కోస్తూ, కుట్లు విప్పుతూ వాళ్ళ చెమట పీలుస్తాను. ఇంటికొచ్చి వాళ్ళకే మొక్కలు పంచే ఓపిక నాకు లేదు.

వేళ్ళు పీకమన్నావు. పీకను. తీగలు రొట్టె కోసే కత్తితో నేల మట్టానికి కోసేశాను. గొయ్యి మీద ఒక బస్తా ఉన్ని చెత్త కుమ్మరించి కాలితో తొక్కాను. అయిపోయింది. నాకు నడుం నొప్పి. అది నాన్న కోసం వేసిన వరస. పారతో దాన్ని తిరగెయ్యడానికి నా చెయ్యి రాదు, నీకు నచ్చినా నచ్చకపోయినా. వచ్చే ఏడు వేరే చోట, బొగ్గుగది గోడ పక్కన వేసుకుంటాను.

సిగరెట్లు నాన్నవి. నేను కాల్చను. కాల్చినా నిన్ను అడగను.

మార్లీన్


బ్రిడ్లింగ్టన్,
9 ఫిబ్రవరి 1975

మార్లీన్‌కి,

మూడు నెలలు జవాబు రాయకుండా నోరు కట్టుకున్నాను. ఈ చలికాలం ఇక్కడ చలే లేదు. గులాబీలు చిగురేస్తున్నాయి. దేవుడి పద్ధతులే మారిపోతున్నాయి, నిన్ను అనుకుని ఏం లాభం.

పాత వేళ్ళు నేలలోనే ఉంచావు. సోమరితనానికి తండ్రి పేరు అడ్డం పెట్టుకున్నావు. సిరిల్ ఉంటే సిగ్గుపడేవాడు. వాడు మెతక మనిషే కాని పనిలో ఎప్పుడూ అడ్డదారి తొక్కలేదు. నా సమ్మె సంగతి నీకెందుకు? నువ్వప్పుడు ఫ్రాకులేసుకుని తిరిగేదానివి. నీ చేతికి మిల్లులో ఆ పని ఎవరి మాట మీద వచ్చిందో ఆఫీసులో అడుగు.

ఒక్కటే చెప్తాను, చివరిసారి. ఈ మేలో అయినా వీధిలో మొక్కలు పంచు. ఎల్సీకి, ఎదురు వరసకి, చివర బేకరీ అతనికి, అందరికీ. నీకు ఇష్టమా కాదా అని అడగడం లేదు. మీ నాన్న ఎందుకు చేశాడో గుర్తుపెట్టుకుని చెయ్యి.

ఆమోస్


బ్యాట్లీ,
16 ఫిబ్రవరి 1975

మేస్త్రీగారికి,

నువ్వు ఉత్తరం పోస్టులో వేశావా, లేక నా బల్ల దగ్గరికి వచ్చి చదివి వినిపించావా? ఇప్పటికీ నీ గొంతు చెవిలో మోగుతోంది.

నా పని నీ మాట మీద వచ్చిందా? అయితే నీ మాట తీసుకెళ్ళి ఆ పీలికలు చీల్చే యంత్రంలో వేసుకో. వారం వారం దుమ్ము మింగేది నేను. ఈ నెల వంగడానికి తావులేని చోట ఇంకో బల్ల ఇరికించారు. ఎందుకని అడిగాను. కొత్త మేస్త్రీ "మీ పెదనాన్న రోజుల్లో ఎవరూ ఎదురు అడిగేవాళ్ళు కాదు" అన్నాడు. నా పేరు పక్కన నీ పేరు ఇలా వాడుకుంటున్నారు. సంతోషించు.

నాన్న ఎందుకు పంచాడో గుర్తుందిలే. నలుగురూ మెచ్చుకుంటారని కాదు, నలుగురితో కలిసి ఉండాలని. ఆ నలుగురు ఆయన్ని ఆస్పత్రిలో చూడ్డానికి రాలేదు. నేను పంచను. ఒక్క మొక్క కూడా పంచను. నాకెన్ని కావాలో అన్నే మొలిపిస్తాను.

ఎల్సీకి రాసెయ్, ఆవిడ ఎదురుచూస్తుంటుంది.

మా.


బ్రిడ్లింగ్టన్,
8 జూన్ 1975

మార్లీన్‌కి,

జూన్ రెండో తారీఖున మంచు పడింది. మీ దగ్గర కూడా పడిందని రేడియోలో చెప్పారు. నేను పుట్టిందగ్గర్నుంచి ఇలాంటిది చూడలేదు. రాత్రికి రాత్రి వార్తాపత్రికలు టోపీల్లా చేసి ప్రతి మొక్క మీదా బోర్లించాను. అన్నీ బతికాయి. ఎదురింటి రిటైరైన బ్యాంకు మేనేజరు గోడ మీంచి చూసి నవ్వాడు. మర్నాడు వాడి బంగాళాదుంప ఆకులు నల్లగా వేలాడుతుంటే నేను నవ్వలేదు. అది నాకు దేవుడు నేర్పిన మర్యాద.

నీ మొక్కలు పోయే ఉంటాయి. పోతే రాయి. నా దగ్గర మిగిలినవి పంపుతాను. తిట్టకుండా అడిగితేనే.

ఆమోస్


బ్యాట్లీ,
15 జూన్ 1975

దేవుడి దగ్గర మర్యాద నేర్చుకున్న పెదనాన్నకి,

నా మొక్కలు పోలేదు. నేను పాత దుప్పటి కప్పాను. మీ ఊళ్ళో ఉప్పుగాలి, మా ఊళ్ళో పొగ. ఎవరిది గట్టి చిక్కుడో ఆగస్టులో చూద్దాం.

మంచుకి గోడ పక్క కలుపు తీగలు మాత్రం నల్లబడ్డాయి. నాన్న పాత గొయ్యి దగ్గర ఏవో ముదురు మొలకలు లేచాయి, పీకుదామనుకుంటూ ఉన్నాను. చలికి చచ్చాయిలే అనుకుంటే మళ్ళీ లేస్తున్నాయి. కలుపుకి ఉన్న పంతం మనుషులకి ఉంటే మా మిల్లు ఎప్పుడో బాగుపడేది.

మార్లీన్


బ్రిడ్లింగ్టన్,
13 జూలై 1975

మార్లీన్ హెప్‌వర్త్‌కి,

ఈ పొద్దున నా పందిరి పూసింది. ఎర్రగా.

రక్తంలా ఎర్రగా, బజారు చిక్కుడులా ఎర్రగా. అక్కడక్కడ ఒకటి తెలుపు, మిగతాదంతా ఎరుపు. నేను చర్చికి కూడా వెళ్ళలేదు. కుర్చీ వేసుకుని దాని ముందు కూర్చున్నాను.

ఏం గింజలు పంపావు నాకు? తెల్లగా ఉన్నాయి కదా అని నమ్మాను. ఎక్కడ కొన్నావు వాటిని? అసలువి నీ దగ్గర దాచుకుని, నాకు ఎవడో అమ్మిన గింజలు సగం పంచినట్టు నటించి పంపావు. నా మీద కోపముంటే నన్ను తిట్టు. చచ్చిపోయిన మా అమ్మతో నీకేం పగ? నాకు డెబ్భై దాటాయి. ఈ పూలు మళ్ళీ తెల్లగా చూసి పోదామనుకున్నాను. ఆ ఒక్కటే అనుకున్నాను.

నువ్వు సిరిల్ కూతురివి కాదు.

ఆ. హెప్‌వర్త్


బ్యాట్లీ,
17 జూలై 1975

ఆమోస్ హెప్‌వర్త్‌కి,

ఆ చివరి వాక్యం నువ్వు మళ్ళీ చదువుకో. చదువుకుని సిగ్గుపడు. నాన్న మూత్రం డబ్బా పట్టుకుంది నేను. ఆయన నోరు తడి చేసింది నేను. నువ్వు అంత్యక్రియల రోజు మధ్యాహ్నం రైలుకి వచ్చి సాయంత్రం రైలుకి వెళ్ళావు. ఎవరు ఎవరికి కానివాళ్ళో నువ్వు తేల్చకు.

నేను ఒక్క గింజ కొనలేదు. నీకు సగం తీసి పంపిన డబ్బాలోంచే నేనూ వేశాను. బొగ్గుగది గోడ పక్కన నా వరస కూడా ఎర్రగానే పూసింది. వచ్చి చూసుకో. రానవసరం లేదు, ఎల్సీని అడుగు, గోడ మీంచి అదేపనిగా చూస్తుంటుంది. అక్కడక్కడ తెలుపుంది. పాత గొయ్యిలో కలుపు అనుకున్న తీగ కూడా ఏదో తెల్లగా పూసింది, అది బట్టల తీగ గెడ పట్టుకుని పైకి పాకింది. మిగతాదంతా ఎరుపు.

నాకేం తెలుసు ఎందుకో? ఎల్సీ పెరట్లో ఎరుపు, ఎదురింట్లో ఎరుపు, బేకరీ వెనక ఎరుపు. పోయినేడు నుంచీ అంతే. బజార్లో కొన్న మొక్కలన్నీ ఎర్రపూలవే. బాగున్నాయని కూడా అనుకున్నాను. అంతకుముందు మా వీధిలో ఒక్క ఎర్రపువ్వు ఉండేది కాదు.

నిన్ను మోసం చేశానన్నావు. మోసం చెయ్యాలంటే నీతో పని ఉండాలి. నాకు నీతో ఏ పనీ లేదు.

సిరిల్ కూతురు
మార్లీన్


బ్రిడ్లింగ్టన్,
22 జూలై 1975

మార్లీన్,

నీ ఉత్తరంలో ఒక ముక్క దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. "అంతకుముందు మా వీధిలో ఒక్క ఎర్రపువ్వు ఉండేది కాదు."

ఎందుకు ఉండేది కాదనుకున్నావు?

తేనెటీగకి గోడలుండవు అమ్మాయ్. ఎల్సీ పెరట్లో ఎర్రపువ్వు మీద వాలి, ఆ పుప్పొడి మోసుకొచ్చి మన తెల్లపువ్వు మీద దులుపుతుంది. కాయ మామూలుగానే ఉంటుంది. గింజ తెల్లగానే ఉంటుంది. తల్లి రంగు పైన, లోపల వేరే తండ్రి. మరుసటేడు పూసేదాకా ఏ కన్నూ పట్టలేదు. మా అమ్మ అది గమనించి, ప్రతి మే నెలలో చుట్టుపక్కల పెరళ్ళన్నిటికీ మన మొక్కే ఇచ్చేది. ఇంటికే వచ్చాక ఇంకెవరూ కొనుక్కోరు. వీధంతా తెల్లగా పూస్తే ఏ తేనెటీగ ఎక్కడ తిరిగినా ఫరవాలేదు. మొక్కలు పంచడం మన కంచె. ఊళ్ళో అది దానం అనుకున్నారు, అనుకోనిచ్చాం.

ఇది నీకు తెలుసనుకున్నాను. మీ నాన్న చెప్పాడనుకున్నాను. రెండుసార్లు రాశాను, పంచమని. ఎందుకో తెలిసి కూడా మొండికేశావనుకున్నాను.

పాత గింజలు తినేశావు. నా దగ్గర ఏమీ లేవు. ఇంక చేసేదేమీ లేదు. నా పందిరి నిన్న పీకేశాను.

మోసం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. రెండో మాట కూడా.

ఆమోస్


బ్యాట్లీ,
27 జూలై 1975

పెదనాన్నా,

నీ రెండు ఉత్తరాలూ తీసి చూశాను. "పరువు" అని రాశావు. "పద్ధతి" అని రాశావు. "వేరే చెప్పనక్కర్లేదు" అని రాశావు. తేనెటీగ అని ఎక్కడ రాశావు? ఒక్క మాట! ఆ ఒక్క మాట రాసుంటే వాళ్ళందరి గుమ్మాల్లో మోకాళ్ళ మీద నిలబడైనా మొక్కలు ఇచ్చి వచ్చేదాన్ని. నీకు ఎప్పుడూ అంతే. చెయ్యి అంటావు, ఎందుకో చెప్పవు. మిల్లులో నలభై ఏళ్ళు అలాగే బతికావు, ఇంట్లో కూడా. నాన్న కూడా నాకు చెప్పలేదు. ట్రే మోస్తూ వెనకాల తిరిగిన పిల్లకి చెప్పాలని ఇద్దరికీ తోచలేదు. పెళ్ళయి పోతుందిలే అనుకున్నారా? నేనెక్కడికీ పోలేదు. ఇక్కడే ఉన్నాను. చిక్కుడు నా చేతిలోనే పోయింది, మీ ఇద్దరి మౌనం వల్ల.

ఇలా రాసి, ఉత్తరం మడిచి, పెరట్లోకి వెళ్ళాను. కోపమొస్తే కలుపు పీకడం నా అలవాటు.

పాత గొయ్యి దగ్గర ఆ తీగ మీద చెయ్యి వేశాను. లాగాను, రాలేదు. మట్టి తవ్వాను. ఉన్ని చెత్త ఇంకా మెత్తగా, వెచ్చగా ఉంది. దాని కింద చిలగడదుంపలా లావాటి వేరు. దాని తల మీద పాత తొడిమ, రొట్టె కత్తితో కోసిన గుర్తు ఇంకా ఉంది. ఆ వేరు ఉన్ని కింద చలికాలం దాటి బతికింది, దాని పక్కనుంచే ఈ తీగలు. జూన్ మంచుకి పైన చచ్చి, కింది నుంచి మళ్ళీ లేచాయి.

అది గింజ నుంచి రాలేదు పెదనాన్నా. అది నాన్న కిటికీలో మొలిపించిన మొక్కే. నేను పోయినేడు నాటిందే. ఏ తేనెటీగా దాన్ని మార్చలేదు. పువ్వు తెల్లగా, కాగితంలా తెల్లగా ఉంది. అలాంటివి ఇంకో రెండు కూడా లేస్తున్నాయి.

నువ్వు పీకమన్నావు. నేను పీకలేదు. ఇది నీకు జన్మంతా గుర్తు చేస్తాను.

కాని చుట్టూ ఎరుపే. ఇప్పుడు కాసిన గింజ కూడా చెడుతుంది కదా? ఏం చెయ్యాలో చెప్పు. తిట్టి చెప్పు, ఎలాగైనా చెప్పు. కాని ఈసారి ఎందుకో కూడా రాయి. తొందరగా. పూలు రాలుతున్నాయి.

మార్లీన్


బ్రిడ్లింగ్టన్,
29 జూలై 1975

మార్లీన్,

పార్సిల్ విప్పి ముందు గుడ్డలు తియ్యి, తర్వాత ఇది చదువు.

అవి మీ పెద్దమ్మ మా ముందు గది కిటికీలకి కుట్టిన నెట్ కర్టెన్లు. గెడల చుట్టూ నాలుగు వైపులా గుడారంలా కట్టు. కింద రాళ్ళు పెట్టు, సందు ఉండకూడదు. ఎందుకంటే వేలు పట్టేంత సందు ఉన్నా తేనెటీగ దూరుతుంది. కట్టేముందు ఇప్పటిదాకా వేసిన చిన్న కాయలన్నీ తుంచెయ్. ఎందుకంటే అవి ఏ పువ్వుతో కలిశాయో మనకి తెలియదు. తేనెటీగ రాకపోతే ఈ పువ్వు తనంతట కాయదు. రోజూ పొద్దున మిల్లుకి వెళ్ళేముందు నెట్ లోపలికి చెయ్యి పెట్టి, పువ్వు కింది రెక్కల్ని బొటనవేలితో మెల్లిగా నొక్కు. లోపలి నుంచి చుట్టుకున్న తోక ఒకటి బయటికి వస్తుంది. అది చాలు. ఒక మొక్క తోకకి అంటిన పొడి పక్క మొక్క పువ్వుకి రాయి. ఎందుకంటే ఒకే మొక్కతో అయితే కాపు బలహీనపడుతుంది. మూడు మొక్కలున్నాయన్నావు, సరిపోతుంది.

ఎందుకో అన్నీ రాశాను. లెక్క చూసుకో.

నా ముందు గదికి ఇప్పుడు తెరల్లేవు. ఏ ఇంట్లో ఉన్నా ముప్పై ఏళ్ళలో ఇలా ఎన్నడూ లేదు. ఎదురింటి బ్యాంకు మేనేజరు భార్య నేను టీ తాగుతుంటే చూస్తుంది, చొక్కా మారుస్తుంటే చూస్తుంది. ఇందాక చెయ్యి కూడా ఊపింది. కాబట్టి పని అవగానే ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి తిరిగి పంపు. చింపితే ఊరుకోను.

చలికాలంలో వేళ్ళు తవ్వి తీసి పొడి ఉన్నిలో దాచు. ఈసారి నా మాట విను.

పెదనాన్న


బ్యాట్లీ,
5 అక్టోబరు 1975

పెదనాన్నా,

కాయలు నిన్న ఒలిచాను. ఎక్కువ లేవు, నా రెండు అరచేతులు కలిపితే నిండాయి. తెల్లగా ఉన్నాయి. అయితే తెలుపుని నమ్మకూడదని నువ్వే నేర్పావు. వచ్చే జూలైలో పూశాకే నమ్ముతాను.

ఆగస్టు నెలంతా వీధి నన్ను చూసి నవ్వింది. చిక్కుడుకి పెళ్ళి ముసుగు వేశానంటూ ఎదురింటి పిల్లలు పాట కట్టారు. పొద్దున్నే నైటీ మీద కోటేసుకుని, చెయ్యి నెట్‌లో పెట్టి పూలని నొక్కుతుంటే ఎల్సీ గోడ మీంచి అడిగింది:

"పాలు పిండుతున్నావా అమ్మాయ్?"

"మీ ఎర్రపూలు చేసిన నిర్వాకం తుడుస్తున్నాను!"

"నా పూలేం చేశాయి? నువ్వే కదా కొనుక్కోమన్నావు!"

మధ్యాహ్నం ఒక గిన్నెలో ఉప్పు చిక్కుళ్ళు పోసుకుని వాళ్ళ తలుపు కొట్టాను. తెరిచింది, చూసింది, మొహాన వేసింది. నాకంటే గట్టిగా వేసింది, గాజు అదిరింది. నేను మళ్ళీ కొట్టాను. "క్షమించమని రాలేదు, వచ్చే మేలో మొక్కలు కావాలో వద్దో చెప్పండి" అన్నాను. లోపలి నుంచే "ఎన్ని?" అంది.

నేను తేనెటీగ సంగతి మొత్తం చెప్పాను. తలుపుకే చెప్పాను. నువ్వూ నాన్నా, నానమ్మా ఇన్నేళ్ళు దాచింది వీధికంతా తెలిసిపోయింది. నీకు కోపం రావచ్చు. రానీ. ఎందుకో తెలిసినవాళ్ళు మొక్కని మర్చిపోరు. ఎల్సీ ఎదురు వరస అంతా తిరిగి చెప్పింది. ఉత్తరాల కంటే ఆవిడ నోరు త్వరగా పోతుంది, నువ్వే అందుకు సాక్షి.

వేళ్ళ సంగతి. ఒకటి తవ్వి ఉన్నిలో దాచాను, నీ మాట మీద. రెండు నేలలోనే ఉంచి పైన బస్తా ఉన్ని కప్పాను, నా మాట మీద. ఎవరి మాట గెలుస్తుందో చూద్దాం.

గింజల్లో సగం పొట్లం కట్టాను. పోస్టులో వెయ్యలేదు. మన వెనక గోడ మీద, నీ పాత ఇంటి వైపు, రాయి కింద పెట్టాను. ఇంతకుముందు ఎక్కడ ఉండేదో అక్కడే. వాన పడితే తడుస్తాయి, కాబట్టి ఆలస్యం చెయ్యకు.

కర్టెన్లు ఉతికాను, గంజి పెట్టాను. ఒక చోట గెడకి తగులుకుని చిరిగింది, కుట్టాను, కనిపిస్తుంది. వాటిని కూడా పంపను. వచ్చి తీసుకో. వచ్చేటప్పుడు నీ దగ్గరున్న ట్రేలన్నీ పట్టుకురా. మే నెలలో వీధిలో ఇన్ని తలుపులు కొట్టడానికి నాకు రెండు చేతులే ఉన్నాయి. సగం తలుపులు నా మొహాన వేస్తారు. మిగతా సగం నీ మొహాన వెయ్యనీ.

మార్లీన్